సర్క్యులేటర్ పక్కన అయస్కాంతం కదిలితే

మైక్రోవేవ్ ల్యాబ్‌లో పనిచేసిన వాళ్ళందరికీ తెలిసిన విషయమే. ఐసొలేటర్, సర్క్యులేటర్ అని మైక్రోవేవ్‌ని ఒక దిక్కుకే పోనిచ్చే పరికరాలుంటాయి, వాటి దగ్గరికి ఒక స్పీకర్ మాగ్నెట్ తీసుకెళ్తే రీడింగులు చెడిపోతాయి. కొన్ని డబ్బాల మీద స్టిక్కర్ కూడా అంటించి ఉంటుంది, అయస్కాంతాలూ ఇనుప సామానూ దూరంగా పెట్టమని. మన పిల్లలు ఆ స్టిక్కర్ చదివి, తలూపి, రికార్డులో ఎప్పటి బొమ్మే వేసేసి, వైవాలో "సర్క్యులేటర్‌కి మూడు పోర్టులుంటాయి సార్" అని చెప్పి బయటపడతారు. లోపల అసలు అయస్కాంతం ఎందుకుంది, బయటి నుంచి ఇంకోటి వస్తే దానికొచ్చిన బాధేంటి అని అడిగేవాళ్ళు తక్కువ.

ఈసారి ఫైనలియర్‌లో ఒకమ్మాయి అడిగింది, అదీ తిరగేసి. "సార్, మాగ్నెట్ జరిగితే రీడింగ్ జరుగుతోంది కదా, మరి రీడింగ్ చూసి మాగ్నెట్ ఎంత జరిగిందో చెప్పలేమా?"

చెప్పొచ్చు. ఆ మాగ్నెట్‌ని ఒక స్ప్రింగు రేకు చివర అంటిస్తే, పెట్టె మొత్తం ఎంత త్వరణంతో కదిలిందో కూడా చెప్పొచ్చు. ఇది మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు, ఆ సర్క్యులేటర్ల లోపల ఉండే ఫెర్రైట్ అనే పదార్థంతో, యిగ్ అనే స్ఫటికంతో త్వరణం కొలిచే ఆలోచనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కానీ తెలుగులో దీని గురించి ఎవరూ రాసినట్టు లేదు, పైగా ఒంగోలు ఎండల్లో కూర్చుని లెక్కలు వేస్తే ఇందులో అసలు చిక్కు ఎక్కడుందో బాగా తెలిసొస్తుంది, అందుకే ఈ పోస్టు. నేను ఒంగోలు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ చెప్తాను, కాబట్టి కాస్త పాఠంలా అనిపిస్తే సర్దుకుపోండి.

త్వరణం గొడవ మనకెందుకు అంటారా. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో వరసగా చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి గుర్తుందా, జనం ఇళ్ళలోంచి, పిల్లలు బడుల్లోంచి బయటికి పరిగెత్తారు. మా ఇంట్లో పెద్దవాళ్ళయితే 1967 మార్చిలో ఒంగోలులో వచ్చిన భూకంపాన్ని ఇంకా తల్చుకుంటుంటారు. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోను, ప్రతి ఫోనులోనూ ఒక యాక్సిలరోమీటర్, అంటే త్వరణం కొలిచే పరికరం. ఆండ్రాయిడ్ ఫోన్లతో భూకంప హెచ్చరికలిచ్చే ఏర్పాటు మన దేశంలో 2023లోనే మొదలైంది. అంటే కొలిచే యంత్రం కొరత లేదు. మరి ఈ అయస్కాంతం, మైక్రోవేవ్ తంతు దేనికి? ఆ ప్రశ్నకి జవాబు చివర్లో వస్తుంది, అది నాకూ పూర్తిగా నచ్చే జవాబేం కాదు.

ముందు మామూలు పద్ధతులు. ఏ యాక్సిలరోమీటర్‌లో అయినా ఒక బరువు, దాన్ని పట్టుకున్న ఒక స్ప్రింగు ఉంటాయి. పెట్టె కదిలితే బరువు కాస్త వెనకబడుతుంది, ఎంత వెనకబడిందో కొలిస్తే త్వరణం తెలుస్తుంది. ఫోనులో ఉండేది సిలికాన్‌ని చెక్కి చేసిన పళ్ళ వరస, బరువు జరిగితే పళ్ళ మధ్య సందు మారి కెపాసిటెన్స్ మారుతుంది. 1990ల్లో కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం ఇవి ఊపందుకుని, తర్వాత ఎంత చవకయ్యాయంటే ఇప్పుడు వంద, రెండొందల రూపాయలకి మాడ్యూలే వస్తుంది.

ఇంకోటి జియోఫోన్. క్వారీల్లో పేలుడు పెట్టినప్పుడు ఊళ్ళో ఇళ్ళు ఎంత అదురుతున్నాయో కొలవడానికి నేలలో గుచ్చేది అదే. అందులో గట్టి అయస్కాంతం చుట్టూ స్ప్రింగులకి వేలాడే రాగి కాయిల్ ఉంటుంది. నేల కదిలితే కాయిల్, అయస్కాంతం ఒకదాని పక్క ఒకటి జరిగి కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది. చాలా మొండి పరికరం, బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ ఒక లోటుంది. కాయిల్‌కి కదలిక కావాలి. కదలడం ఆగిపోతే వోల్టేజీ సున్నా. నెమ్మదిగా ఒరిగిపోతున్న గోడని, ఒక పక్కకి వంగి అలాగే నిలబడిపోయిన స్తంభాన్ని జియోఫోన్ పట్టుకోలేదు. అయస్కాంతం ఎక్కడుందో దానికి తెలీదు, ఎంత వేగంగా పోతోందో మాత్రమే తెలుసు.

ఫెర్రైట్‌కి తెలిసేది ఆ 'ఎక్కడ' అన్నదే. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ఫెర్రైట్ అంటే ఐరన్ ఆక్సైడ్ ప్రధానంగా ఉండే పింగాణీ లాంటి పదార్థం. అయస్కాంత గుణం ఉంటుంది, కరెంటు మాత్రం పోనివ్వదు. అందుకే మైక్రోవేవ్ తరంగం దాని లోపలికి చొరబడగలదు, ఇనుము ముక్కలోకైతే పైపొర దాటి పోలేదు. లోపల ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఉంటాయి. బయటి నుంచి ఒక స్థిరమైన అయస్కాంత క్షేత్రం పెడితే ఆ స్పిన్‌లు బొంగరం తల తిప్పినట్టు ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతాయి. ఎంత వేగంగా తిరుగుతాయనేది క్షేత్రం బలాన్ని బట్టి ఉంటుంది, లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది: ఒక గాస్‌కి (క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) 2.8 మెగాహెర్ట్జ్. 1000 గాస్ పెడితే 2.8 గిగాహెర్ట్జ్. సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీతో మైక్రోవేవ్ తరంగం పంపితే ఫెర్రైట్ దాన్ని లాగేసుకుంటుంది, కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోదు. దీన్నే ఫెర్రోమాగ్నెటిక్ రెజొనెన్స్ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రిఫిత్స్ 1946లో లోహపు పొరల్లో దీన్ని చూశాడు, 1948లో కిట్టెల్ దానికి లెక్క సరిచేసి ఇచ్చాడు, 1952లో బెల్ ల్యాబ్స్‌లో హోగన్ ఫెర్రైట్‌తో మైక్రోవేవ్‌ని ఒక దిక్కుకి ఒకలా, ఇంకో దిక్కుకి ఒకలా పంపే పరికరం చేసి చూపించాడు. మన ల్యాబ్‌లో ఉండే ఐసొలేటర్లు, సర్క్యులేటర్లు ఆ వంశంలోవే.

యిగ్ అంటే యిట్రియం, ఇనుము, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం, 1956లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌లో బెర్టో, ఫోరా దీన్ని వెలుగులోకి తెచ్చారు. మన తూర్పు తీరం ఇసుకలో దొరికే ఎర్ర గార్నెట్ ఉంది చూడండి, వాటర్‌జెట్ కటింగ్‌కి వాడతారే, దాని స్ఫటిక నిర్మాణమే దీనిది కూడా, కాకపోతే ఇది కొలిమిలో పెంచింది. దీని గొప్పేంటంటే ఆ లాగేసుకునే ఫ్రీక్వెన్సీ చాలా సన్నగా ఉంటుంది. బాగా నునుపు చేసిన గోళీలో వెడల్పు అర గాస్ లోపే, అంటే 1.4 మెగాహెర్ట్జ్ లోపు. ఆ గోళీలు మిల్లీమీటరు కంటే చిన్నవి. స్ఫటికాన్ని చిన్న ఘనాలుగా కోసి, లోపలి గోడకి గరుకు పూత ఉన్న గిన్నెలో వేసి గాలి ఊదుతారు, అవి గిరగిరా తిరిగి గోడలకి తగిలి తగిలి మూలలు అరిగి గుండ్రమైపోతాయి. తర్వాత ఇంకా సన్నని పొడితో నునుపు చేస్తారు. ఇంత చేసేది గుండ్రంగా ఉంటే అందంగా ఉంటుందని కాదు. గోళీ ఆకారంలో ఉంటే ఫ్రీక్వెన్సీ లెక్కలోంచి ఆ పదార్థం సొంత అయస్కాంతత్వం కొట్టుకుపోతుంది, బయటి క్షేత్రం ఒక్కటే మిగులుతుంది. పదార్థం సొంత అయస్కాంతత్వం వేడికి తగ్గేది కాబట్టి అది లెక్కలో లేకపోవడం ఎంత లాభమో కిందకి పోతే తెలుస్తుంది.

ఇప్పుడు సెన్సార్ కడదాం, కాగితం మీద.

నాలుగు మిల్లీమీటర్ల నియోడిమియం ఘనం ఒకటి తీసుకోండి, బరువు అర గ్రాము ఉంటుంది. దాని మధ్య బిందువు నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలో యిగ్ గోళీ. అక్కడ క్షేత్రం సుమారు 1000 గాస్. క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది (దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు) కాబట్టి అయస్కాంతం ఒక మైక్రాన్ జరిగితే 0.6 గాస్ మారుతుంది, అంటే 1.7 మెగాహెర్ట్జ్. ఒక్క మైక్రాన్‌కి. అయస్కాంతాన్ని సెకనుకి వంద సార్లు ఊగే స్ప్రింగు మీద పెడితే, 1 జీ త్వరణానికి (జీ అంటే కిందికి పడే వస్తువుకి భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) అది 25 మైక్రాన్లు జరుగుతుంది. మొత్తం 42 మెగాహెర్ట్జ్ మార్పు. అదే జీలో వెయ్యో వంతుకి 42 కిలోహెర్ట్జ్.

మొదటిసారి ఈ అంకె బోర్డు మీద వేసినప్పుడు క్లాసులో ఎవరికీ ఏమీ అనిపించలేదు, నాకు మాత్రం భలే అనిపించింది. ఎందుకంటే ఎలక్ట్రానిక్స్‌లో మనం అన్నిటికంటే బాగా కొలవగలిగేది ఫ్రీక్వెన్సీనే. వోల్టేజీ కొలవాలంటే రిఫరెన్స్ కావాలి, ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్ చూడాలి, వైరు పొడవు చూడాలి. ఫ్రీక్వెన్సీ అయితే ఒక క్రిస్టల్ గడియారం పక్కన పెట్టుకుని లెక్కపెట్టడమే. యిగ్ గోళీని ఒక ఆసిలేటర్‌లో (తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) పెట్టి దాని శృతిని ఆ గోళీకే వదిలేస్తే బయటికొచ్చేది నేరుగా ఒక అంకె. జీలో వెయ్యో వంతు లెక్క అంటే మనిషి కాళ్ళకి భూమి అదిరినట్టు అప్పుడప్పుడే తెలిసే మోతాదు.

స్ప్రింగు గట్టిగా చేస్తే? వెయ్యి సార్లు ఊగేది పెడితే జరిగే దూరం పదో వంతు కాదు, వందో వంతు. 42 కాస్తా 0.42 మెగాహెర్ట్జ్ అయిపోతుంది. వేగమైన కుదుపులు పట్టాలంటే గట్టి స్ప్రింగు, చిన్న కదలికలు పట్టాలంటే మెత్తటి స్ప్రింగు. ఈ బేరం ఏ యాక్సిలరోమీటర్‌కైనా తప్పదు.

కాగితం మీద ఇంత బాగుందా. మేలో ఒంగోలుకి తీసుకురండి.

నియోడిమియం అయస్కాంతం బలం డిగ్రీకి సుమారు 0.11 శాతం తగ్గుతుంది. 1000 గాస్‌లో అది 1.1 గాస్, ఫ్రీక్వెన్సీలో 3 మెగాహెర్ట్జ్. అంటే ఒక్క డిగ్రీ వేడి పెరిగితే మన సెన్సార్ జీలో 7 వందో వంతుల త్వరణం వచ్చిందని చెప్తుంది. పొద్దున ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర సరిచేసి, మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో వరండాలో బల్ల మీద పెట్టామనుకోండి. బల్ల కదల్లేదు, నేల కదల్లేదు, కానీ సెన్సార్ ఒకటిన్నర జీ అంటుంది. రాకెట్ ఎక్కామా అనుకోవాలి.

అక్కడితో అయిపోలేదు. భూమి అయస్కాంత క్షేత్రం మన వైపు సుమారు 0.4 గాస్. పెట్టెని ఉత్తరం నుంచి దక్షిణానికి తిప్పితే ఒక మెగాహెర్ట్జ్ అటు, ఒక మెగాహెర్ట్జ్ ఇటు. బీరువా తలుపు తెరిస్తే మార్పు, పక్కనించి స్కూటర్ పోతే మార్పు, జేబులో తాళాల గుత్తి పెట్టుకుని వంగి చూస్తే మార్పు. ఈ సెన్సార్‌కి త్వరణం తెలియడం అసలు సమస్యే కాదు. త్వరణం తప్ప మిగతావన్నీ తెలియకుండా చెయ్యడమే సమస్య. నేను చదివినంతలో ఈ రంగంలో జరిగిన కష్టమంతా, తెలివంతా అక్కడే పెట్టారు, కానీ కొత్తగా మొదలుపెట్టే వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువ పేజీలు సెన్సిటివిటీకి, చివర్లో రెండు లైన్లు వేడికి ఉంటాయి.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. గోళీ ఒకటి కాదు, రెండు పెట్టండి, అయస్కాంతానికి అటు ఒకటి ఇటు ఒకటి, సమాన దూరంలో. అయస్కాంతం కుడికి జరిగితే కుడి గోళీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, ఎడమది తగ్గుతుంది. వేడి పెరిగితే రెండూ కలిసి తగ్గుతాయి. భూమి క్షేత్రం రెండిటికీ ఒకేలా కలుస్తుంది, ఎందుకంటే అయస్కాంతం అక్షం మీద రెండు వైపులా క్షేత్రం ఒకే దిక్కుకి ఉంటుంది. రెండిటినీ మిక్సర్ అనే సర్క్యూట్‌లో కలిపి ఫ్రీక్వెన్సీల తేడా తీసుకుంటే ఉమ్మడిగా వచ్చినవన్నీ పోయి కదలిక ఒక్కటే, అదీ రెట్టింపై, మిగులుతుంది. దూరంతో క్షేత్రం వంకరగా మారడం వల్ల వచ్చే లెక్క తప్పు కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. నిలబడి ఉన్నప్పుడు తేడా సున్నా దగ్గర పడితే ఏది పైనో ఏది కిందో తెలీదు కాబట్టి కావాలనే ఒక గోళీని కొద్దిగా జరిపి పెడతారు, అప్పుడు ఆ కొద్దిపాటి తేడా మేరకు వేడి మళ్ళీ తొంగి చూస్తుంది. ఎంత జరపాలి అన్నదాంట్లోనే ఉంది చేతి నేర్పు.

నియోడిమియం బదులు సమేరియం కోబాల్ట్ వాడితే డిగ్రీకి మార్పు మూడో వంతుకి పడిపోతుంది. ఖరీదు ఎక్కువ, పెళుసు కూడా, చేతిలోంచి జారితే పెచ్చు లేస్తుంది.

ఇక్కడ శ్రీహరికోట మాట చెప్పాలి. 2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరు వాళ్ళకి ఇప్పటికీ అది మన షారే. 1979 ఆగస్టులో మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడి, 1980 జూలైలో రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన చోటు. రాకెట్‌లకి దారి చూపే జడత్వ వ్యవస్థలు తిరువనంతపురంలోని ఇస్రో విభాగంలో తయారవుతాయి. అలాంటి నావిగేషన్ పనికి వాడే సర్వో రకం యాక్సిలరోమీటర్లలోనూ శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి. అక్కడ బరువుని కదలనివ్వరు. అది కదలబోతే కాయిల్‌లోకి కరెంటు పంపి మళ్ళీ నడిమికి తెచ్చి పట్టి ఉంచుతారు, ఆ పట్టడానికి ఎంత కరెంటు పట్టిందో అదే కొలత. అయస్కాంతం వేడికి బలహీనపడే గొడవ వాళ్ళకీ ఉంది, లోపలే ఒక థర్మామీటర్ పెట్టి లెక్కలో సరిచేసుకుంటారు. కాబట్టి అయస్కాంతమా, ఛీ, వేడికి మారిపోతుంది అని కొట్టిపారేయక్కర్లేదు. మన యిగ్ సెన్సార్‌కి కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చు, గోళీలు కదలిక పట్టుకోవడం వరకే చేస్తాయి, పట్టి ఉంచడం కాయిల్ చూసుకుంటుంది.

తమాషా ఏంటంటే స్పెక్ట్రమ్ అనలైజర్లలో (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే యంత్రాలు) యిగ్ గోళీలతో చేసిన ఆసిలేటర్లు, ఫిల్టర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిని తయారు చేసే వాళ్ళకి అదురు పెద్ద శత్రువు, ఫ్యాను గాలికి ఊగినా శృతి చెడుతుందని బిగించి, కవచాలు తొడిగి, లోపల హీటర్ పెట్టి కాపాడుకుంటారు. మనం సరిగ్గా వాళ్ళు వద్దనుకున్న దాన్నే పిలిచి కుర్చీ వేస్తున్నాం.

మా ల్యాబ్‌లో యిగ్ లేదు. ఉన్నదల్లా ఎక్స్-బ్యాండ్ మైక్రోవేవ్ ప్రయోగాల బెంచీలు, ఒక నానోవీఎన్ఏ (ఏ ఫ్రీక్వెన్సీలో పంపిన తరంగం ఎంత వెనక్కొస్తోందో గీత గీసి చూపే చిన్న యంత్రం), పాత సెల్ టవర్ సామానులోంచి తీసిన ఒక సర్క్యులేటర్. పిల్లలు చేసింది ఇంతే. సర్క్యులేటర్ ఒక పోర్టు నానోవీఎన్ఏకి, మిగతా రెంటికీ తరంగాన్ని మింగేసే 50 ఓమ్ లోడ్లు. పైన ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు ఒక చివర బిగించి, రెండో చివర చిన్న మాగ్నెట్. హాక్సా బ్లేడు ఎందుకు వాడకూడదంటే అది ఇనుమే, మాగ్నెట్‌ని పట్టుకుని క్షేత్రాన్ని తన వైపు లాక్కుంటుంది. రేకు ఒకసారి కదిపితే చాలాసేపు ఊగుతుంది కాబట్టి మాగ్నెట్ పక్కన మందపాటి రాగి రేకు నిలబెట్టాం, మాగ్నెట్ కదిలినప్పుడు రాగిలో పుట్టే సుడి కరెంట్లే బ్రేకు వేస్తాయి, నూనె అక్కర్లేదు, స్పాంజీ అక్కర్లేదు. ఇదంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక మీద పెట్టాం, ఫ్యాక్టరీలో మూల విరిగిందని పక్కన పడేసింది మా బావమరిది పంపాడు. ఆ రాయి బరువుకి బల్ల అదురు బాగా తగ్గింది. (అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. కొలతల గదుల్లో వాడే సర్ఫేస్ ప్లేట్లు కూడా ఇలాంటి నల్ల రాతితోనే చేస్తారు, మనం మాత్రం వంటింటి గట్టుకి వేసుకుంటాం.)

స్క్రీన్ మీద గీత ఒకచోట గుంటలా కిందికి దిగి ఉంటుంది. ఆ అమ్మాయి వేలి గోరుతో రేకుని నొక్కితే గుంట ఎడమకి జరిగింది, వదిలితే వెనక్కి వచ్చి రెండుసార్లు తడబడి నిలబడింది. పలకని ఒక పక్కన పుస్తకం పెట్టి ఎత్తితే గుంట జరిగి అక్కడే ఉండిపోయింది. జియోఫోన్ చెయ్యలేనిది ఇదే. సీలింగ్ ఫ్యాన్ వేస్తే గీత సన్నగా వణికింది. అది అదురు వల్లో, ఫ్యాన్ మోటార్ క్షేత్రం వల్లో, గాలి రేకుకి తగలడం వల్లో తేల్చండని పిల్లల్ని వదిలేశాను, వాళ్ళు పెట్టె మీద అట్టపెట్టె బోర్లించి, రేకుని దారంతో కట్టేసి ఒక్కొక్కటే విడదీస్తున్నారు. సర్క్యులేటర్ లోపల సొంత అయస్కాంతాలు, చుట్టూ స్టీలు కవచం ఉంటాయి కాబట్టి బయటి మాగ్నెట్ ప్రభావం చాలా వరకు ఆగిపోతుంది, యిగ్ గోళీతో వచ్చే అంకెలు దీంతో రావు. చూడ్డానికి మాత్రం చాలు.

బావమరిది అన్నాను కదా, గ్రానైట్ వ్యాపారం, నాలుగు లారీలు. పలక ఎలా ఉందో చూద్దామని వచ్చి ఇదంతా చూసి, "ఏంది బావా ఇది, దీన్ని మా కటింగ్ మెషీన్‌కి పెడితే బేరింగ్ పోయేముందే చెప్తుందా?" అన్నాడు.

"నీకు ఫోనులో ఉండే సెన్సార్ చాలురా, రెండొందలు."

"తిరిగే దాని మీద పెట్టాలంటే వైరు ఎట్టా పోతది? బ్యాటరీ అయిపోతే ఎవుడు ఎక్కి మారుస్తాడు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఈ పద్ధతికి నిజంగా చోటున్నది అక్కడే. గోళీ, దాని చుట్టూ చిన్న లూప్ యాంటెనా, స్ప్రింగు మీద మాగ్నెట్, ఇంతే పెట్టి పంపించొచ్చు. చిప్పు లేదు, బ్యాటరీ లేదు. బయటి నుంచి మైక్రోవేవ్ పల్స్ కొడితే గోళీ దాన్ని మింగి, తన ఫ్రీక్వెన్సీలో కాసేపు మోగుతూ తిరిగి పంపుతుంది, ఆ మోత విని మాగ్నెట్ ఎక్కడుందో చెప్పేయొచ్చు. కాసేపు అంటే సెకనులో కోటి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. అంతలో తరంగం ముప్పై మీటర్లు పోయి వచ్చేస్తుంది. కాబట్టి చుట్టూ ఉన్న గోడలు, షెడ్డు రేకుల నుంచి వచ్చే ప్రతిధ్వనులు ఆ మోతలో కలిసిపోతాయి, పల్స్ కొట్టి మోత వినే రీడర్‌ని మీటరు రెండు మీటర్ల లోపే పెట్టాలి. సమేరియం కోబాల్ట్‌తో చేస్తే మామూలు సిలికాన్ చిప్పులు చేతులెత్తేసే వేడిలో కూడా నిలబడుతుంది, యిగ్ అయస్కాంతత్వం పూర్తిగా పోవాలంటే 280 డిగ్రీలు దాటాలి.

అయితే వాడి మెషీన్‌కి మాత్రం కుదరదని చెప్పాను. రాయి కోసే బ్లేడు స్టీలు, షాఫ్టు స్టీలు, చుట్టూ ఫ్రేము స్టీలు, పక్కనే పెద్ద మోటారు. రెండు గోళీల ఉపాయం భూమి క్షేత్రం లాంటి సమానమైన వాటిని కొట్టేస్తుంది గానీ, తిరుగుతూ ఒక గోళీకి దగ్గరగా, ఇంకోదానికి దూరంగా పోయే ఇనుప ముక్కని కొట్టెయ్యలేదు. అల్యూమినియం, కాంక్రీటు, రాయి, ఫైబర్ ఉండే చోట అయితే ఆలోచించొచ్చు. వంతెన కాంక్రీటులో పాతేసి వదిలేస్తే ఎలా ఉంటుందని నేను అంటే, "అందులో కమ్మీలుంటాయి కద బావా" అన్నాడు. నిజమే. కమ్మీలు కదలవు కాబట్టి ఒకసారి సరిచేసుకుంటే సరిపోతుందని నా వాదన, ఎండకి కమ్మీ సాగదా అని వాడి వాదన. టీలు చల్లారిపోయాయి.

ముండ్లమూరు లాంటి ప్రకంపనలకి పనికొస్తుందా అంటే, పనికొస్తుంది గానీ అక్కర్లేదు. వేడి వల్ల వచ్చే మార్పు గంటల మీద నెమ్మదిగా వస్తుంది, ప్రకంపన సెకన్లలో వచ్చిపోతుంది, కాబట్టి నెమ్మది మార్పుని ఫిల్టర్‌తో తీసేస్తే సరి, మన సెన్సార్ బాగానే పడుతుంది. కానీ ఆ పని జియోఫోన్ ఎప్పటి నుంచో తక్కువ ఖర్చుతో చేస్తోంది. ఒరగడం, వంగడం లాంటివి కొలవాలంటే ఆ ఫిల్టర్ వాడలేం, అప్పుడు వేడితో ముఖాముఖి తేల్చుకోవాలి. అంటే ఈ సెన్సార్ గొప్పగా ఉండే పనుల్లో దాని బలహీనత కూడా గొప్పగానే ఉంటుంది. ఫోన్లలోకి ఇది ఎందుకు రాలేదో, ఇక మీదట కూడా ఎందుకు రాదో చెప్పడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చేసి చూద్దామనుకునే వాళ్ళకి ఒక జాగ్రత్త. సర్క్యులేటర్ అయితే పాత సామాను కొట్లలో దొరుకుతుంది, దాన్ని విప్పకుండా వాడుకోండి. ఎక్కడైనా పాత స్పెక్ట్రమ్ అనలైజర్ తుక్కులో యిగ్ ఆసిలేటర్ దొరికితే మాత్రం లోపల గోళీని అంటించిన తెల్లటి సన్న కడ్డీని విరగ్గొట్టడం, ఆకురాయితో రాయడం చెయ్యొద్దు. అది చాలాసార్లు బెరీలియం ఆక్సైడ్, వేడిని బాగా లాగుతుందని వాడతారు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. గోళీ కావాలంటే కడ్డీతో సహా అలాగే బయటికి తీయండి, ఎలాగూ ఆ గోళీని వేడికి ఫ్రీక్వెన్సీ తక్కువ మారే కోణంలో తిప్పి అంటించి ఉంటారు, దాన్ని ఊడబీకితే ఆ కోణం మళ్ళీ వెతుక్కోవడం మన వల్ల కాదు.